ఐదు రోజుల యుద్ధం, మూడేళ్ళ పహరా

పరాయి దేశపు అధినేత ఒకడు తనకు శత్రువై కూర్చుంటే, చేతిలో బలమున్న దేశం సైన్యాన్ని పంపి అతన్ని దించవచ్చునా? టీవీలో ఏ యుద్ధ వార్త వచ్చినా నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కల చాయ్ హోటళ్ళలో ఈ ప్రశ్న మీద గంటల తరబడి వాదన నడుస్తుంది. 2025 జూన్‌లో అమెరికా విమానాలు ఇరాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేసినప్పుడూ నడిచింది. కొడుకు డల్లాస్‌లో ఉన్న తండ్రి ఒక తీరుగా మాట్లాడతాడు, తమ్ముడు కువైట్‌లో డ్రైవరుగా ఉన్నవాడు మరో తీరుగా మాట్లాడతాడు. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తీసుకురావలసి వచ్చింది. ఆ రోజులు గుర్తున్న ఇళ్ళలో యుద్ధం అన్న మాట అంత తేలికగా నోట రాదు.

ఈ వాదనలన్నీ విన్నాక నాకు వెలితిగా తోచేది ఒకటుంది. ఒక పాలకుణ్ణి బయటి సైన్యం వచ్చి లొంగదీయడం అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే చెప్పగలిగిన ప్రాంతం మనది. అయినా ఇరాక్ గురించి, ఇరాన్ గురించి మాట్లాడేటప్పుడు మనలో ఎవరికీ 1948లో భారత సైన్యం హైదరాబాదు నిజాంను లొంగదీసిన సంగతి గుర్తుకు రాదు. సెప్టెంబర్ 17 వచ్చిందంటే మాత్రం ఆ రోజును ఏ పేరుతో జరుపుకోవాలన్న దాని మీద పార్టీలు కొట్లాడుకుంటాయి, మరునాటికి అందరూ మరచిపోతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. హైదరాబాదు పరాయి దేశం కాదు కదా అంటారు. నిజమే. భారత ప్రభుత్వం తాను తీసుకున్నది పోలీసు చర్యే తప్ప యుద్ధం కాదన్నది. నిజాం ప్రభుత్వం మాత్రం తనను తాను స్వతంత్ర దేశంగా చెప్పుకొని 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఆ ఫిర్యాదు వెనుక ప్రజల సమ్మతి ఏ కొంచెమూ లేదు కాబట్టి దానికి నేను విలువ ఇవ్వను. అయితే బయటి నుంచి వచ్చిన ఒక పెద్ద సైన్యం తనకు తెలియని ఊళ్ళలో అడుగుపెట్టాక ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఆ ప్రాంతపు చట్టబద్ధ హోదా ఏమిటన్నది అడ్డు రాదు.

జరిగిన సంగతి క్లుప్తంగా ఇది. 1947 నవంబర్‌లో నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య ఏడాది కాలానికి కుదిరిన యథాతథ ఒప్పందం రెండు వైపులా చెడిపోయింది. కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారు, తగలబెడుతున్నారు. సరిహద్దు పల్లెల వాళ్ళు కృష్ణ దాటి వెళ్ళి తలదాచుకున్నారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి ఒక దండుగా, విజయవాడ వైపు నుంచి మరో దండుగా, ఇంకా కొన్ని దిక్కుల నుంచి లోపలికి వచ్చింది. విజయవాడ దండు సూర్యాపేట మీదుగా నడిచింది. 17వ తేదీ సాయంత్రానికి నిజాం లొంగిపోయినట్లు రేడియోలో ప్రకటించాడు. మొత్తం ఐదు రోజులు పట్టింది.

ఐదు రోజుల్లో ఎందుకు అయిపోయిందన్నదే అసలు ఆలోచించవలసిన విషయం. ఫిరంగుల బలం ఉన్న మాట వాస్తవం. కానీ ఆ ఫిరంగులు రాకముందే నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో చాలా ఊళ్ళ మీద నిజాం అధికారం పోయింది. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలైన నాటి నుంచి రెండేళ్ళలో దొరలు గడీలు వదిలి పట్నం చేరారు. వెట్టి ఆగిపోయింది. లెవీ గల్లా, అంటే రైతుల నుంచి సర్కారు వసూలు చేసే ధాన్యం, కోసం వచ్చే అధికారికి ఊరి పొలిమేరలోనే ఎదురుదెబ్బ తగిలేది. సుమారు 3,000 గ్రామాల్లో తమ రాజ్యం నడిచిందని, 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టుల నాయకత్వంలో నడిచిన సంఘం వాళ్ళు లెక్క చెప్పుకున్నారు. అందులో కొంత తగ్గించి చూసినా, అటువంటి నేల మీద నిజాం సైన్యం నిలబడి పోరాడే పరిస్థితి లేదు. పాలకుడి కాళ్ళ కింది నేలను జనం అప్పటికే చాలా వరకు తొలిచేశారు.

మా పెద్దనాయన సూర్యాపేట దగ్గరి పల్లెలో ఉండేవాడు, అప్పటికి పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లవాడు. సడక్ మీద మిలిటరీ లారీలు వరుసగా పోతుంటే ఆడవాళ్ళు కడవలతో మజ్జిగ తెచ్చి నిలబడిన సంగతి, ఒక సిపాయి లారీ దిగి రెండు ముంతలు తాగి చేతులు జోడించిన సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఒకే తీరుగా చెప్పేవాడు. ఆ తర్వాతి భాగం మాత్రం అడిగితేనే చెప్పేవాడు. కొన్ని నెలలకు ఊరు విడిచిపోయిన పట్వారీ తిరిగి వచ్చాడు. వెంట ఇద్దరు సిపాయిలు, చంకలో ఎర్ర గుడ్డ చుట్టిన లెక్కల పుస్తకం. రచ్చకట్ట మీద కూర్చొని ఒక్కొక్క పేరే చదివాడు. ఎవరు ఎవరి భూమి దున్నారు, ఎవరి కొడుకు సంఘంలో తిరుగుతున్నాడు, ఎవరి ఇంట్లో రాత్రిపూట అన్నం వండారు. సిపాయిలకు తెలుగు ఒక్క ముక్క రాదు. పట్వారీకి ఉర్దూ బాగా వచ్చు. ఊరి వాళ్ళు ఎంత మొత్తుకున్నా ఆ సిపాయిలకు చేరేది పట్వారీ నోటి నుంచి వచ్చిన మాటే. “మజ్జిగ పోసిన చేతులకే తాళ్ళు కట్టిన్రు బిడ్డా, గాళ్ళ తప్పు గూడ గాదు, గాళ్ళకు ఎవడేందో ఎట్ల ఎరుక?” అనేవాడు పెద్దనాయన.

ఈ విషయంలో నేను ఏ దేశం గురించి ఆలోచించినా నా మనసు ఆ రచ్చకట్ట దగ్గరికే పోతుంది. బయటి నుంచి వచ్చిన సైన్యానికి కన్నూ చెవీ తనవి ఉండవు. ఎవరో ఒకరు చూపించింది చూస్తుంది, ఎవరో ఒకరు చెప్పింది వింటుంది. ఆ చెప్పేవాడు ఎవరన్న దాని మీదే ఆ జోక్యం మంచీ చెడూ ఆధారపడి ఉంటాయి. దించబడుతున్న నాయకుడు ఎంత దుర్మార్గుడన్నది కూడా దాని తర్వాతి లెక్కే.

మన దగ్గర ఏమైందో చూడండి. రజాకార్లను అణచడానికి వచ్చిన సైన్యం, ఆ రజాకార్లతో తలపడిన సంఘం మీదికే తిరిగింది. దొరలు గడీలకు తిరిగి వచ్చారు, కొందరు తల మీద ఖద్దరు టోపీతో వచ్చారు. సంఘం నడిపిన సాయుధ పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబర్ 21న గాని రాలేదు. అంటే నిజాంను లొంగదీయడానికి ఐదు రోజులు, నిజాం మీద తిరగబడిన రైతులను లొంగదీయడానికి మూడేళ్ళు. పోరాటమంతటిలో సుమారు 4,000 మంది చనిపోయారని కమ్యూనిస్టు పార్టీ చెప్పే లెక్క. అదే సమయంలో నిజాం 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్ హోదాలో, అంటే గవర్నరు లాంటి పదవిలో, హాయిగా ఉన్నాడు. కాశిం రజ్వీ జైలు నుంచి 1957లో బయటికి వచ్చి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. శిక్ష పడింది ఎవరికంటే, ఏ పాపమూ ఎరుగని సాధారణ ముస్లింలకు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులతో కూడిన బృందాన్ని ప్రభుత్వమే పంపింది. పోలీసు చర్య సమయంలోనూ, ఆ వెంటనేనూ 27,000 నుంచి 40,000 మంది దాకా ప్రాణాలు కోల్పోయారని ఆ బృందం అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరాలు ఎక్కువ జరిగాయని, కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో పాల్గొన్నారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది.

అయితే సైన్యం రాకుండా ఉండవలసిందా? నేను అలా అనను. రావలసిందే. రజాకార్ల చేతిలో ఇంకో రెండేళ్ళు గడిచి ఉంటే ఎన్ని ఊళ్ళు రజాకార్లు ఊచకోత కోసిన బైరాన్‌పల్లిలా అయ్యేవో ఊహించడానికే భయం వేస్తుంది. సైనిక గవర్నర్ జె.ఎన్. చౌదురి హయాంలోనే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, అది చిన్న విషయం కాదు. కానీ సైన్యం ఎవరి మాట విన్నదో, ఆ మాట ఎంత తప్పో 1952 ఎన్నికలు తేల్చి చెప్పాయి. మూడేళ్ళుగా వేటాడిన పార్టీ మనుషులనే నల్లగొండ జనం గెలిపించారు. రావి నారాయణరెడ్డికి లోక్‌సభ ఎన్నికలో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఊరి తరఫున మాట్లాడగలిగినవాళ్ళు ఎవరో ఊరికి మొదటి నుంచీ తెలుసు, వచ్చినవాళ్ళు వాళ్ళను అడగలేదు. అదే ఏడు స్థానికేతర ఉద్యోగుల మీద ముల్కీ ఆందోళన చెలరేగి హైదరాబాదులో కాల్పుల దాకా పోయింది. పాత యంత్రాంగాన్ని తీసి బయటివాళ్ళతో నింపితే ఏమవుతుందో కూడా మనకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఇరాక్ సంగతికి వద్దాం. 2003 మార్చిలో అమెరికా దాడి మొదలైంది, మూడు వారాల్లో బాగ్దాద్ పడిపోయింది. సద్దాం క్రూరుడన్న దాంట్లో సందేహం లేదు, తన దేశపు కుర్దుల మీదనే విషవాయువు వదిలిన మనిషి. కానీ వాషింగ్టన్ చెవిలో మాట చెప్పినవాడు ఎవరు? 1958లో బాల్యంలోనే దేశం విడిచి, జీవితంలో ఎక్కువ భాగం బయటే గడిపిన అహ్మద్ చలాబీ. అతని సంస్థ తెచ్చి చూపిన ఫిరాయింపుదారులు మారణాయుధాల కథలు చెప్పారు, ఆ ఆయుధాలు ఎక్కడా దొరకలేదు. 2003 మేలో అమెరికా ప్రతినిధి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. మొదటిది సద్దాం నడిపిన బాత్ పార్టీలో పైస్థాయి వాళ్ళందరినీ ఉద్యోగాల నుంచి తీసివేసింది. రెండోది ఇరాక్ సైన్యాన్నే రద్దు చేసింది. తుపాకీ పట్టడం వచ్చిన లక్షల మంది జీతం లేక వీధిన పడ్డారు. బాత్ మనుషులను ఏరివేసే సంఘానికి పెద్దగా కూర్చున్నది మళ్ళీ ఆ చలాబీయే. మా ఊరి పట్వారీ చేతిలో ఉన్నది ఒక ఊరి జాబితా, ఇతని చేతిలో పెట్టింది ఒక దేశపు జాబితా. ఆ వీధిన పడ్డ అధికారుల్లో కొందరు తర్వాతి కాలంలో ఐసిస్‌లో తేలారు.

క్యూబాలోనూ అంతే. 1961 ఏప్రిల్‌లో బే ఆఫ్ పిగ్స్ దగ్గర దిగిన సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులను నమ్ముకొని, వాళ్ళు దిగగానే జనం పాలకుడు కాస్ట్రో మీద తిరగబడతారని అమెరికా అనుకున్నది. ఎవరూ తిరగబడలేదు, మూడు రోజుల్లో అంతా ముగిసింది. కాస్ట్రో 2016 దాకా బతికాడు.

ఇక్కడే ఇంకొక తేడా చెప్పాలి. ఒక నాయకుడు తన ప్రజలకు శత్రువు కావడం వేరు, నా దేశానికి శత్రువు కావడం వేరు. బలమైన దేశాలు ఈ రెండింటినీ కావాలనే కలిపి మాట్లాడతాయి. ఇరాన్ ప్రధాని మొసాదెగ్ తన ప్రజలకు శత్రువు కాదు. 1951లో చమురును జాతీయం చేశాడు, అది బ్రిటన్‌కు గిట్టలేదు. 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారులు నడిపించిన కుట్రలో అతని ప్రభుత్వం కూలింది. రాజు షా గద్దె మీద స్థిరపడ్డాడు. ఇరవై ఆరేళ్ళు తిరిగేసరికి 1979 విప్లవం వచ్చింది, అమెరికా పేరెత్తితే మండిపడే ప్రభుత్వం వచ్చింది. ఈనాడు బాంబులు వేసి దించాలంటున్న వ్యవస్థకు విత్తనం ఆనాడు దించడంలోనే పడింది. కేవలం నాకు గిట్టడు అన్న కారణంతో పరాయి నాయకుణ్ణి దించే హక్కు ఏ దేశానికీ ఉండకూడదని నేను ఖాయంగా అంటాను. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో రెండవ అధికరణం నాలుగవ క్లాజు బలప్రయోగాన్ని నిషేధించిందీ ఇందుకే.

లిబియాలో కారణం అంత చెడ్డది కాదు. 2011 మార్చిలో బెంఘాజీ మీదికి గడాఫీ సేనలు పోతున్నాయి, జనాన్ని ఊచకోత కోస్తాడన్న భయం నిజమైనదే. భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం చేసింది. భారత్ ఓటింగులో పాల్గొనకుండా ఊరుకుంది. అప్పట్లో మన వైఖరి పిరికితనమని రాసినవాళ్ళు ఉన్నారు, నాకు అది సరైనదిగానే తోచింది. పౌరులను కాపాడటానికి ఇచ్చిన అనుమతి కొన్ని నెలల్లో పాలకుణ్ణి దించే పనిగా మారింది. అక్టోబర్ 20న గడాఫీ చనిపోయాడు. ఆ తర్వాత ఎవరి మాట వినాలో కూడా పట్టించుకోకుండా వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. 2014 నాటికి ట్రిపోలీలో ఒక ప్రభుత్వం, తూర్పున మరొకటి. దీనికి తోడు ఇంకో చేటు జరిగింది. గడాఫీ 2003 డిసెంబరులో తన అణు కార్యక్రమాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నవాడు. ఆయుధం వదిలినవాడి గతి చూశాక, దాన్ని పట్టుకొని కూర్చున్న ఉత్తర కొరియా ఎందుకు వదులుతుంది?

మన దేశం చేసిన రెండు జోక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది శరణార్థులు మన మీద పడ్డారు. 1970 డిసెంబర్ ఎన్నికల్లో అవామీ లీగ్ పాకిస్తాన్ మొత్తం మీదనే మెజారిటీ తెచ్చుకుంది, కాబట్టి ఆ జనం తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరన్న సందేహమే లేదు. అక్కడి బెంగాలీల సేన ముక్తివాహిని అప్పటికే పోరాడుతోంది. డిసెంబర్ 3న పాకిస్తానే మన విమానాశ్రయాల మీద దాడి చేసింది, 16న ఢాకాలో లొంగిపోయింది, 1972 మార్చిలో మన సైన్యం తిరిగి వచ్చేసింది. ఆ తిరిగి రావడాన్ని మనం తగినంత గొప్పగా చెప్పుకోము. 1987లో శ్రీలంకకు శాంతి సేన వెళ్ళినప్పుడు ఇవేవీ లేవు. ఒప్పందం కొలంబో ప్రభుత్వంతో, కాపాడవలసింది తమిళులను, యుద్ధం చేయవలసి వచ్చింది తమిళ పులులతో. ఏ వైపు మాట వినాలో తెలియని స్థితిలో 1,100 మందికి పైగా మన సైనికులు చనిపోయారు. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి అక్కడ మనకు మిత్రులంటూ ఎవరూ మిగల్లేదు.

కాబట్టి ఎవరైనా నన్ను ఫలానా నియంతను దించాలా వద్దా అని అడిగితే, అతని నేరాల చిట్టా నేను చివరికి చదువుతాను. మొదట అడిగేది, సైన్యం వెంట నడిచి దారి చూపేది ఎవరని. అతను ఆ దేశంలో ఉంటున్నాడా, లండన్‌లోనో వర్జీనియాలోనో ఉంటున్నాడా? జనం అతన్ని ఎప్పుడైనా ఎన్నుకున్నారా, అతని పిలుపు మీద ఎప్పుడైనా వీధిలోకి వచ్చారా? తిరిగి వెళ్ళే తేదీ ఏది? ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే, ఆ నియంత ఎంత చెడ్డవాడైనా సైన్యం కదలకూడదన్నదే నా మాట.

ఈ లెక్కకు లొంగని సందర్భం ఒకటున్నదని ఒప్పుకోక తప్పదు. 1978 డిసెంబర్ చివర్లో వియత్నాం కంబోడియాలోకి వెళ్ళింది, 1979 జనవరి 7న పోల్‌పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ పాలన అంతమైంది. నాలుగేళ్ళలో ఆ పాలన కింద పదిహేను లక్షలకు పైగా మనుషులు చనిపోయారు. జనం తరఫున మాట్లాడగలిగిన వాళ్ళంటూ అక్కడ బతికి లేరు. వియత్నాం తెచ్చి కూర్చోబెట్టిన హెంగ్ సామ్రిన్ ఖ్మేర్ రూజ్ నుంచి తప్పించుకొని వచ్చినవాడే. వియత్నాం వెళ్ళింది కంబోడియా ప్రజల మీద ప్రేమతో కాదు, తన సరిహద్దు పల్లెల మీద దాడులు భరించలేక. అమెరికా, చైనా దాన్ని తప్పుపట్టాయి, ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఏళ్ళ తరబడి పోల్‌పాట్ మనుషులకే మిగిలింది. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం హెంగ్ సామ్రిన్ ప్రభుత్వాన్ని గుర్తించింది. నా ప్రశ్నలలో ఒక్కదానికీ వియత్నాం దగ్గర సరైన జవాబు లేదు, అయినా ఆ గుర్తింపు సరైనదేనని నేను అనుకుంటాను. వియత్నాం సైన్యం పదేళ్ళు, 1989 దాకా అక్కడే ఉండటాన్ని మాత్రం సమర్థించలేను. ముందే వెళ్ళిపోయి ఉంటే అడవుల్లోని ఖ్మేర్ రూజ్ తిరిగి వచ్చేవాళ్ళు కదా అని మా మిత్రుడొకరు ప్రతిసారీ అడుగుతారు. దానికి ఆయనకు నచ్చే జవాబు నేను ఇంతవరకు చెప్పలేకపోయాను.